తిరిగి వచ్చిన సమయం

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ల మూడు నెలలు ఉందనగా, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, భద్రాచలం అవతల అడవి సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక రేంజికి నన్ను రేంజ్ అధికారిగా వేశారు. ఆ రేంజి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇద్దరూ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు, వాళ్ల పేర్లూ మార్చాను. ఫిబ్రవరి పోస్టింగు అంటే మా శాఖలో ఎవరికీ ఇష్టం ఉండదు. ఆకు రాలి అడవి ఎండిపోయేది, నిప్పుల కాలం మొదలయ్యేది అప్పుడే. పాత అధికారి నాకు తాళాలు అప్పగిస్తూ నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు మహానుభావుడు.

బయటి వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. రేంజిని సెక్షన్లుగా, సెక్షన్లను బీట్లుగా విభజిస్తారు. అడవిలో నిజంగా కాళ్లతో నడిచేది బీట్ ఆఫీసరు. వేసవిలో అతని ముఖ్యమైన పని ఫైర్ లైన్లు చూసుకోవడం. అంటే అడవి మధ్యలో బాటలా ఒక పట్టీ వెడల్పున ఆకులన్నీ ఊడ్చి నేల బయటపడేలా ఉంచడం, నిప్పు అక్కడిదాకా వచ్చి ఆగిపోవడానికి. ఎక్కడైనా పొగ లేస్తే ఉపగ్రహం నుంచి మా ఫోన్లకు సందేశం వస్తుంది. సందేశం వచ్చినంత మాత్రాన మంట ఆరదు, ఎవరో ఒకరు పోయి ఆర్పాల్సిందే.

ఎవరు ఎప్పుడు అడవిలోకి పోయారో తెలియడానికి రేంజి ఆఫీసు వరండాలో బల్ల మీద మూమెంట్ రిజిస్టరు ఉంటుంది. పేరు, పోయే చోటు, పని, బయలుదేరిన సమయం, తిరిగి వచ్చిన సమయం, ఇవీ గడులు. సాయంత్రం ఆరింటికి నేను కింద సంతకం పెట్టాలి. రిజిస్టర్ల విషయంలో నాకు చాదస్తమని, కోపం కూడా ఎక్కువేనని నా కింద పనిచేసిన వాళ్లందరూ చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక గడి ఖాళీగా కనబడితే ఆ మనిషిని పిలిపించి దులిపేసేవాణ్ని. ముప్ఫై ఏళ్లు అలా దులిపాను.

ఆ రేంజిలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టని మనిషి రమేశ్. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. చర్ల వైపు అడవిలో ఒక కోయగూడెంలో పుట్టి, ఆరో ఏట నుంచి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగి, పరీక్ష రాసి బీట్ ఆఫీసరయ్యాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఏ పనికైనా ‘సరే సార్’ అనడం తప్ప రెండో మాట లేదు. అతని గడులు ఎప్పుడూ నిండి ఉండేవి. మిగతా వాళ్లకు అతన్నే ఉదాహరణగా చూపించేవాణ్ని, నా తెలివి అలా ఏడిసింది.

పక్క బీటు సలోమిది. ఎర్రుపాలెం అమ్మాయి. వాళ్ల నాన్న ప్రభుదాసు గారు రైల్వేలో గేటుమన్. తల్లి చిన్నప్పుడే పోతే కూతుర్ని ఆయనే పెంచాడు. ఆయన దగ్గరి నుంచి రోజుకు మూడు సార్లు ఫోను వచ్చేది, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి తొమ్మిదింటికి. చేరినవా, తిన్నవా, ఏం కూర, ఎవరెవరున్నరు, ఇదీ వరస. మీటింగులో ఉన్నా ఆ ఫోను మోగేది. ఒకసారి నాకు ఒళ్లు మండి, ఏంటమ్మా ఈ రన్నింగ్ కామెంటరీ అన్నాను. ‘ఎత్తకుంటే బస్సెక్కి వచ్చేస్తడు సార్’ అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఈ ఇద్దరూ ఇష్టపడ్డారని ఆఫీసులో అందరికీ తెలిశాకే నాకు తెలిసింది. అదీ ఎలాగంటే, మార్చి మొదట్లో సలోమి నా గదిలోకి వచ్చి సెలవు చీటీ ఇస్తుందనుకుంటే, కుర్చీ కొసన కూర్చుని, ‘సార్, ఈ మనిషితో నా వల్ల కాదు’ అని మొదలుపెట్టింది. నాకు ఇలాంటి పంచాయితీలు అలవాటు లేదు. నీళ్లు తాగమ్మా అన్నాను. తాగలేదు. రమేశ్ మంచివాడేనని, చెడ్డ అలవాటు ఒక్కటీ లేదని, కానీ ఎక్కడికి పోయేదీ చెప్పడని, వచ్చాక వచ్చానని చెప్పడని అంది. జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంటే తనకు నాలుగో రోజు తెలిసిందట. ‘పోయొస్తా అనే ఒక్క మాట, సార్. ఆ మాట కూడా అనడు. ఎవరింటికో వచ్చి పోయినట్టు లేచి పోతడు.’

నువ్వు అడగొచ్చు కదా అన్నాను. ‘నేనెందుకు అడగాలి సార్? ప్రేమ ఉంటే ఆయనే చెప్పాలి’ అంది. అప్పుడు ఆ మాట నాకు సబబుగానే అనిపించింది.

మొత్తానికి ఒక ఏర్పాటు జరిగింది. వచ్చే గురువారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ల నాన్న ఎర్రుపాలెం నుంచి వస్తాడు, రమేశ్‌తో మాట్లాడతాడు, కుదిరితే నిశ్చితార్థం ఎప్పుడో అనుకుంటారు. కులం వేరు, మతం వేరు అని ఊళ్లో బంధువులు ఇప్పటికే ఆయన చెవి కొరుకుతున్నారు. ఆయన మాత్రం, పిల్లవాణ్ని చూసి చెబుతానన్నాడు. రమేశ్‌కు ఈ మాట చెబితే ‘సరే’ అన్నాడట. ఇదే ఆఖరి అవకాశమని, రాకపోతే ఇక తెంపేసుకుంటానని సలోమి నాతో గట్టిగా చెప్పింది.

గురువారం పొద్దున నేను భద్రాచలంలో డివిజన్ ఆఫీసు మీటింగుకు పోయాను. సలోమి ఆఫీసు వెనక నర్సరీలో ఉంది. నేను ఒంటిగంటన్నర దాటాక తిరిగి వచ్చేసరికి వరండాలో ప్రభుదాసు గారు బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. ఇస్త్రీ చొక్కా, కాళ్ల దగ్గర సంచి, సంచిలో పచ్చి మామిడికాయలు. రెండయింది. రెండున్నరయింది. రమేశ్ రాలేదు. ఫోను కలవలేదు, కానీ అతని ఫోను కలిసింది ఎప్పుడని.

నేను వరండాలో బల్ల దగ్గరే కూర్చుని ఉండగా, రెండూ ముప్పావుకు సలోమి రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టింది. రమేశ్, ఫైర్ లైన్ తనిఖీ, బయలుదేరింది ఏడు గంటలు, తిరిగి వచ్చింది పన్నెండున్నర. ‘వచ్చిండు సార్. వచ్చి, సంతకం పెట్టి, మా నాన్న మొహం చూడకుండ పోయిండు’ అంది. తర్వాత తండ్రి వైపు తిరిగి, ‘నాన్నా, లే. మూడింటి బస్సుకు పోదాం. అయిపోయింది’ అంది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

నేనూ నమ్మాను. రమేశ్ మీద పట్టరాని కోపం వచ్చింది. రేపు రానీ, వాడి సంగతి చూస్తాను అనుకున్నాను.

ప్రభుదాసు గారు బస్సు మాట పట్టించుకోలేదు. బల్ల దగ్గరికి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఆ గడిని వేలితో చూపిస్తూ నన్ను ఒకే ప్రశ్న అడిగారు. ‘సారూ, ఆ అబ్బాయి వచ్చింది చూసినోళ్లెవరు?’

రాసి ఉంది కదండీ అన్నాను.

ఆయన నెమ్మదిగా చెప్పారు. బండి వస్తోందని స్టేషను నుంచి ఫోను వస్తుంది, గేటు వేశానని తాను తిరిగి చెబుతాడు. బండి దాటిపోతుంది. అయినా గేటు తియ్యడు. చివరి పెట్టె వెనక ఒక పలక ఉంటుంది, అది కళ్లతో చూడాలి. పలక కనబడకపోతే సగం పెట్టెలు వెనక ఎక్కడో తెగి పట్టాల మీదే ఉండిపోయినట్టు. ‘ముప్పై నాలుగేళ్లు, సారూ. పలక చూడకుండ గేటు తియ్యలే. మీ కాగితం మీద బండి వచ్చింది. పలక ఎవరు చూసిండ్రు?’

నేను లేచి వరండా దిగి షెడ్డు చూశాను. శాఖ ఇచ్చిన బండ్లు అడవి నుంచి రాగానే అక్కడ పెట్టి నడిచి ఇంటికి పోవాలి. రమేశ్ మోటారు సైకిలు లేదు. తిరిగి వచ్చి రిజిస్టరు వెనక్కి తిప్పాను. నెల రోజుల పేజీలు. మిగతా వాళ్లు తిరిగి వచ్చిన సమయాలు ఐదూ పది, నాలుగూ నలభై, ఇలా ఉన్నాయి. రమేశ్‌వి ఎప్పుడూ పన్నెండున్నర, లేదా ఐదున్నర. పోయిన సమయం, వచ్చిన సమయం ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినవి. పోయేటప్పుడే రెండూ రాసి పోతున్నాడు. ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది. గడి నిండిందా లేదా చూశానే గానీ, ఎప్పుడు నిండిందో ఒక్కనాడూ చూడలేదు.

ఇంకో సంగతి అప్పుడు తెలిసింది. అతనితో పోవాల్సిన ఫైర్ వాచర్ ముత్తయ్య ఆ పూట రాలేదు, ఇంట్లో ఎవరికో బాగాలేదట. ఒంటరిగా పోతున్నానని రమేశ్ ఎవరికీ చెప్పలేదు.

మార్చి అంటే ఇప్పపూల కాలం. ఆ పూల వాసనకు పొద్దు వాలుతుండగానే ఎలుగుబంట్లు చెట్ల కిందికి దిగుతాయి. అడవి తెలిసిన వాడెవడూ ఆ వేళకు ఒంటరిగా వాగుల్లో ఉండడు. మాకు పొద్దు వాలడానికి మూడు గంటలుంది. జీపు తీయించాను. ముత్తయ్యను దారిలో ఎక్కించుకున్నాం. సలోమి ముందే ఎక్కి కూర్చుంది. ప్రభుదాసు గారిని ఆఫీసులో ఉండమంటే వినలేదు. సంచి బెంచీ మీదే వదిలేసి ఎక్కారు.

ఫైర్ లైను మొదట్లో మోటారు సైకిలు కనబడింది. సీటు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వాకీటాకీ సెట్టు దాని సంచిలోనే ఉంది, గుట్ట చాటుకు పోతే ఎలాగూ పలకదని వదిలిపోయాడు. అక్కడి నుంచి పేరు పెట్టి కేకలు వేస్తూ నడిచాం. మధ్యలో ఊడ్చిన లైను మీద అడుగుల గుర్తులు చూపించింది ముత్తయ్యే. రెండు కిలోమీటర్లు పోయాక ఎండిన వాగు దగ్గర అవి లైను దాటి పక్కకు పోయాయి. ఇప్పచెట్టు కింద పూలేరుకోవడానికి ఎవరో ఆకులకు పెట్టిన నిప్పును ఆర్పడానికి దిగాడు. ఆర్పాడు కూడా. తిరిగి ఎక్కుతుంటే గట్టు విరిగి కింద బండరాళ్ల మీద పడ్డాడు. అప్పటికి తొమ్మిది దాటి ఉంటుంది. మేం చూసేసరికి నాలుగున్నర.

సలోమి ముందు చూసింది. రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కుడి చీలమండ బుడగలా వాచిపోయి, పెదవులు పగిలి. మా కేకలు అరగంట నుంచి వినబడుతున్నాయట. పలకలేదు. ముత్తయ్య నీళ్లు తాగిస్తుంటే నేను ఆపుకోలేక అరిచాను, ‘నోరు లేదారా నీకు? వినబడుతుంటే పలకవేం?’

అతను నన్ను చూసిన చూపు బడిపిల్లవాడి చూపు. ‘లేసి నిలబడి మాట్లాడుదామని చూస్తున్న సార్. వెతుక్కుంటొస్తే తిడతరనుకున్న’ అన్నాడు.

తిట్టడానికి పోయిన మాట నిజమే. ఆ మాట విన్నాక ఇక తిట్టలేదు. సలోమి మాత్రం తిట్టింది, ఏడ్చింది, మళ్లీ తిట్టింది, అతని చెయ్యి మాత్రం వదల్లేదు. ప్రభుదాసు గారు వంగి, మోకాలు మొదలు చీలమండ దాకా జాగ్రత్తగా తడిమి చూసి, ‘విరిగింది. మనిషి మాత్రం మొత్తం వచ్చిండు’ అన్నారు. రెండు కర్రలకు తువ్వాళ్లు కట్టి మోసుకొచ్చి, చీకటి పడకముందే భద్రాచలం దవాఖానాలో చేర్చాం.

మర్నాడు వాంగ్మూలం తీసుకోవడానికి పోయాను. డ్యూటీలో దెబ్బ తగిలితే పై ఆఫీసుకు రిపోర్టు పంపాలి, అందులో గాయపడిన వాడి మాట ఉండాలి. రిజిస్టరు సంగతి అడిగాను. దాచకుండా చెప్పాడు. హాస్టల్లో ఆదివారం సంతకు పోవాలంటే ఇలాంటిదే ఒక రిజిస్టరు ఉండేదట. టైముకు రాని పిల్లల కోసం మనుషుల్ని పంపి వెతికించేవారు. దొరికిన వాడికి వీపు చిట్లేది. అందుకని పోయేటప్పుడే వచ్చిన టైము రాసి పొమ్మని పెద్ద పిల్లలు నేర్పారు. ‘గట్ల రాస్తే వెతకరు గద సార్. అదే అలవాటయింది’ అన్నాడు.

ఇంట్లో వాళ్లకు కూడా చెప్పవా అని అడిగాను. వాంగ్మూలానికి అక్కర్లేని ప్రశ్న అది. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ప్రతి ఏడూ సెలవులయ్యాక నాయన తనను హాస్టలుకు తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, ‘ఈడనే ఉండు, బీడీకట్ట తెస్త’ అని అటే ఊరికి వెళ్లిపోయేవాడట. మొదటి ఏడు పొద్దుగూకే దాకా గేటు పట్టుకుని చూశాడు. రెండో ఏడు మధ్యాహ్నం దాకా చూశాడు. మూడో ఏడు, నాయన మాట మొదలుపెట్టగానే తానే లేచి లోపలికి పోయాడు. ‘ఆయన తప్పు గాదు సార్. నేనేడిస్తే తానూ ఏడుస్తనని గట్ల జేసిండు’ అన్నాడు. వస్తానన్న మాట అంటే అతని లెక్కలో రానని చెప్పడమే. సలోమితో ఆ మాట అనలేకపోయింది అందుకే. నేను కలం మూశాను. ఇదంతా రిపోర్టులో రాయలేదు.

నేనుండగానే ఆ నాయన వచ్చాడు, గూడెం నుంచి రెండు బస్సులు మారి. చిన్నపాటి మనిషి. మంచం పక్కన నేల మీద కూర్చుని వాళ్ల భాషలో ఏవో నాలుగు మాటలు మాట్లాడాడు. కాసేపటికి లేచి, చాయ్ తెస్తానన్నట్టు చేత్తో చూపించి బయటికి పోయాడు. రమేశ్ తల ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పది నిమిషాలకు ముసలాయన కవర్లో చాయ్, రెండు కాగితపు కప్పులు పట్టుకుని తిరిగి వచ్చాడు. ఒకటి పోసి కొడుక్కిచ్చాడు. రమేశ్ ఆ కప్పు పట్టుకుని తాగకుండా తండ్రినే చూస్తుండిపోయాడు. నేను వరండాలోకి వచ్చేశాను.

సలోమి వాంగ్మూలం ఆఫీసులో తీసుకున్నాను. ‘పన్నెండున్నరకు వచ్చాడని రిజిస్టరు చూసి నమ్మాను. షెడ్డులో బండి ఉందో లేదో చూడలేదు’ అని తన చేత్తోనే రాసింది. ఇరవై అడుగుల దూరం, ఎందుకు చూడలేదమ్మా అన్నాను. తల వంచుకుని చెప్పింది. ‘చూస్తే నేను వెతికినట్టయితది సార్. నా కోసం ఎప్పుడూ మా నాన్నే వెతికిండు. నేను ఎవర్నీ వెతకలే. నాకు ఆ పనే రాదు.’ సంతకం పెట్టి లేచి దవాఖానాకు పోయింది.

రిపోర్టులో రమేశ్ తప్పు రాశాను, కింద నా తప్పు కూడా రాశాను. సంతకం పెట్టే అధికారి గడులను పరిశీలించలేదని నా మీద నేనే రాసుకోవడం సులభంగా లేదు. రమేశ్‌కు హెచ్చరిక వచ్చింది, నన్ను సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. అప్పటి నుంచి మా రేంజిలో తిరిగి వచ్చిన సమయం మనిషిని కళ్లతో చూసిన ఇంకొకరు రాయాలని నియమం పెట్టాను.

ప్రభుదాసు గారు తన నియమం తాను పెట్టారు. కాలు మానేదాకా రోజుకొక ఫోను తనకు రావాలన్నారు, అదీ రమేశ్ చెయ్యాలి. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. ఫోను చేతిలో పట్టుకుని, ‘ఏం చెప్పాలె సార్?’ అని నన్నడిగాడు. ఏదో ఒకటి, బాగున్నానని చెప్పు అన్నాను. ‘మంచం మీదనే ఉన్న అంకుల్, యాడికి పోలే’ అన్నాడు. అవతల ఆయన నవ్వడం నాకు వినబడింది. కూతురికి మాత్రం ఆయన మధ్యాహ్నం ఫోను మానేశారు. ఒంటిగంటకు ఫోను మోగకపోతే వారం రోజులు ఆ పిల్ల పడిన అవస్థ చూడాలి. ఎనిమిదో రోజు తనే చేసి, ‘నాన్నా, తిన్నవా?’ అని అడిగింది. నిశ్చితార్థం అనుకున్నదానికంటే నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ నాలుగు నెలల్లో తగవులు పడ్డారు, ఒకటి రెండు నా గది దాకా వచ్చాయి కూడా. పెళ్లికి పోయాను, మామిడికాయ పప్పు బాగుంది.

కాలు మానాక రమేశ్ మళ్లీ డ్యూటీలో చేరిన రోజు బల్ల దగ్గర నిలబడి బయలుదేరిన సమయం రాశాడు. పెన్ను అలవాటు కొద్దీ పక్క గడికి జరిగి, అక్కడ ఆగింది. క్యాపు పెట్టి, సలోమి వైపు చూసి, ‘పోయొస్త’ అన్నాడు. ఆమె వాచీ చూసుకుంది. ఆ గడి సాయంత్రం ఐదూ ఇరవై దాకా ఖాళీగానే ఉంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక ఖాళీ గడిని చూసి నేను కోప్పడనిది ఆ రోజే.

రిటైరయ్యే దాకా కొత్తగా చేరిన ప్రతి బీట్ ఆఫీసరునూ మొదటి రోజు ఒక ప్రశ్న అడిగేవాణ్ని. నీకు ఆలస్యమైతే నిన్ను ఎవరు వెతుకుతారు? అమ్మ అనో, నాన్న అనో, భార్య అనో కొందరు వెంటనే చెప్పేవారు. కొందరికి చాలాసేపు పట్టేది. సాయంత్రం ఆరింటికి వాళ్ల గడులు ముందు చూసేవాణ్ని.